పన్నెండు దెబ్బలు

పోయిన ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను ఎండ చూసింది తక్కువ, ఇంజను కడుపు చూసింది ఎక్కువ. పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో మామిడితోటలు కొనేసి ఒక కంపెనీవాళ్ళు రైలు పార్కు పెట్టారు. కిలోమీటరు పొడుగున పాత మీటరుగేజి పట్టాలు పరిచారు. ఎక్కడో ఎండకూ వానకూ తుప్పు పట్టిన ఆవిరింజనును లారీ మీద తెచ్చి, మళ్ళీ నడిపిస్తామన్నారు. దానికి రెండు పెట్టెలు తగిలించి టూరిస్టుల పిల్లల్ని తిప్పుతారట.

తిరుపతిలో ఐటీఐ ఫిట్టరు చదివిన ఆరుగురిని ఏడాదికి అప్రెంటిస్‌లుగా తీసుకున్నారు. ఆరుగురిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏడాది అయ్యాక సర్టిఫికెట్ ఇస్తారు. అదుంటే కొండరైళ్ళ షెడ్లకు పోవచ్చు, రైలు మ్యూజియాలకు పోవచ్చు, ఏదీ కుదరకపోతే మా చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో బాయిలర్ దగ్గర నిలబడొచ్చు. అది లేకపోతే అవే ఫ్యాక్టరీల్లో సీజనుకు కాయలు ఏరుకోవాలి. మా అమ్మ తిరుమలమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ కాయలే ఏరుతోంది కాబట్టి ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంజనైతే తెచ్చారు గానీ, ఆవిరి బాయిలర్ పని తెలిసినవాడు అరవై ఏళ్ళలోపు ఎవడూ దొరకడని కంపెనీవాళ్ళకు తర్వాత తెలిసింది. వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. మా నాయన శాంతయ్య పాత స్టీమ్ షెడ్డులో బాయిలర్ గ్యాంగు మనిషి. చదువు అయిదో తరగతి. ఎన్ని బాయిలర్లు విప్పి బిగించినా చేతిలో కాయితం లేదు కాబట్టి కింది మెట్టు ఖలాసీగానే ఉన్నాడు. ఆవిరింజన్లు పోయాక పెట్టెలు కడిగే పనిలో వేస్తే అందులోనే రిటైరయ్యాడు. మేనేజరు అమర్‌నాథ్ ఆయనకు శాలువా కప్పి ‘గురువుగారూ’ అన్నాడు. గేటు పక్కన పెద్ద బోర్డు మీద సుత్తి పట్టుకున్న ఫొటో వేయించాడు. నాయన అడిగింది ఒక్కటే, మా పాపను కూడా తీసుకోండి అని. అలా ఆ ఆరుగురిలో నేను చేరాను.

బొగ్గు మండే పెట్టె చుట్టూ ఇంకో ఇనుప పెట్టె ఉంటుంది, రెండింటి మధ్య నీళ్ళుంటాయి. ఆవిరి తోపుడుకు ఆ రేకులు విడిపోకుండా వందల బోల్టులు రెండింటినీ పట్టి ఉంచుతాయి. వాటిని స్టేలంటారు. స్టే మధ్యలో విరిగితే కంటికి కనిపించదు, సుత్తితో కొట్టి చెవితో పట్టుకోవాలి. షెడ్డు పద్ధతి ఏమిటంటే, ఒకరు లోపల కూర్చుని కొడతారు, ఒకరు బయట రేకు మీద అరచెయ్యి పెట్టి వింటారు. మధ్యలో ఒక్క మాట మాట్లాడకూడదు. ఎవరి గుర్తులు వాళ్ళు సుద్దతో పెట్టుకుని, అంతా అయ్యాక సరిచూసుకోవాలి. ఒకరి చెవిని ఇంకొకరు చెడగొట్టకుండా ఉండేందుకు ఇదొక ఏర్పాటు.

మొదట్లో నాయనకు పందొమ్మిది చెడ్డవి దొరికితే నాకు నలభై దొరికేవి. అనుమానం కొద్దీ అన్నిటికీ గుర్తు పెట్టేదాన్ని. ఆయన తిట్టేవాడు కాదు, తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టమనేవాడు. మంచి స్టే గంట మోగినట్టు పలుకుతుంది, విరిగింది పచ్చి కట్టెను కొట్టినట్టు చస్తుంది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, మిగతాదంతా వినీ వినీ రావలసిందే. ఏప్రిల్ చివర్లో ఒకరోజు ఆయన గుర్తులూ నా గుర్తులూ ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోయాయి. నాయన మసి చేతుల్తోనే నా తల మీద తట్టాడు. ఆ మసి వదిలించుకోవడానికి రెండుసార్లు తలంటుకున్నాను, అయినా ఆరోజు ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పందొమ్మిదిలో పదిహేను చెదురుమదురుగా ఉన్నవి, అవి మార్చేశాం. మిగిలిన నాలుగూ ఎడమ పక్క పైమూలన వరసగా ఉన్నాయి. వాటిని మార్చాలంటే డ్రైవరు నిలబడే గదంతా విప్పాలి, మూడు వారాల పని. నాయన నన్ను ఆ మూలకు తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు.

“యాడో ఒకటి ఇరిగినా బండి నడుస్తాది. పక్కపక్కన రెండు ఇరిగినాయంటే మాత్రం ఆ బాయిలర్‌కు నిప్పు పెట్టగూడదు. దీని బరువంతా పక్కదాని మీద పడతాది, అదీ తెగతాది. గుర్తు పెట్టుకో మే. సెప్పేదానికి నేను ఎప్పుడూ ఉండను.”

అమర్‌నాథ్‌కు కూడా చెప్పాడు. రాసుకున్నానన్నాడు అమర్‌నాథ్. అప్పటికే జూన్ పదిన ప్రారంభోత్సవం అని పెద్దవాళ్ళకు పిలుపులు వెళ్ళిపోయాయి.

మే నడుమ నాయనకు వడదెబ్బ తగిలి వారం రోజులు మంచం దిగలేదు. ఆ వారంలోనే అమర్‌నాథ్ మమ్మల్ని పిలిచి, బాయిలర్ పైరేకుకు రంగు వేయాలి, నున్నగా తయారు చేయమన్నాడు. ప్రతి స్టే తల మీదా పెన్సిలు ముల్లంత బెజ్జం ఉంటుంది. చాలావాటిలో తుప్పు కూరుకుపోయి అవి ఉన్నట్టే తెలియదు. నాయన పాఠం ఇంకా అక్కడిదాకా రాలేదు, నేనూ అడగలేదు. ఈ గుంటలు రంగులో అసహ్యంగా కనిపిస్తాయి, లప్పం పెట్టి పూడ్చేయండి అన్నాడు అమర్‌నాథ్. ఇనుప పొడి కలిసిన లప్పం, ఆరితే రాయిలా బిగుస్తుంది. నేనూ, నాతోటి అప్రెంటిస్ ఇమ్మానుయేలూ నాలుగు రోజులు కూర్చుని ఒక్కో బెజ్జంలో తుప్పు గీకి, పిన్నుతో లోపలిదాకా లప్పం కుక్కి, పైన ఉప్పుకాగితం రుద్దాం. ఇంత నీటైన పని తను ఎక్కడా చూడలేదన్నాడు అమర్‌నాథ్. ఆ మాటకు నేను పొంగిపోయాను కూడా.

నాయన తిరిగొచ్చిన రోజు రేకు మీద చెయ్యి వేసి నెమ్మదిగా ఆ కొస నుంచి ఈ కొసదాకా నడిచాడు.

“బెజ్జాలు యాడ మే?”

నేనే పూడ్చానని గొప్పగా చెప్పాను. ఆయన కింద కూర్చున్నాడు. అరవకుండా, పిల్లకు అన్నం తినిపించేటంత నిదానంగా చెప్పాడు. స్టే లోపల విరిగితే నీళ్ళు ఆ బెజ్జంలోంచి బయటికి కారతాయి. బాయిలర్ నిండుగా ఉన్నప్పుడు సుత్తి అక్కర్లేకుండా, చెవి అక్కర్లేకుండా, దారినపోయేవాడికి కూడా తెలియాలని ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన ఏర్పాటు అది. నేను దాన్ని నాలుగు రోజులు కష్టపడి నున్నగా మూసేశాను. తెలియక చేసిందే అయినా నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. తెలిసే చేయించినవాడు ఏసీ గదిలో కూర్చుని ఉన్నాడు.

నాయన లేచి ఆ గదిలోకి వెళ్ళాడు. నేను బయట నిలబడ్డాను. తలుపు అద్దంలోంచి అమర్‌నాథ్ నవ్వుతూ మాట్లాడటం కనిపించింది, నాయన తల కనిపించింది, మాటలు వినిపించలేదు. పావుగంటకు బయటికొచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. సామాన్లు తుడిచి పెట్టెలో పెట్టు, పోదాం అన్నాడు.

ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక, ఆ బెజ్జాలు అట్లే ఉండనీ అన్నాడు.

అమర్‌నాథ్ ఆయనకు చెప్పింది ఇదట. ఇప్పుడు డ్రైవరు గది విప్పితే ప్రారంభోత్సవం ఆగుతుంది, ఆగితే పైవాళ్ళు శిక్షణ కూడా ఆపేస్తారు, ఆరుగురి ఏడాదీ గంగలో కలుస్తుంది. మొదట కొన్నాళ్ళు మెల్లగా నడిపి తర్వాత మార్చుకోవచ్చు. సర్టిఫికెట్ల లిస్టులో మీ అమ్మాయి పేరే మొదట ఉంది గురువుగారూ, అన్నాడట.

“పక్కపక్కన రెండు పోతే నిప్పు పెట్టగూడదని సెప్పినోడివి నువ్వే గదా నాయనా,” అన్నాను.

“సెప్పినాను.”

“నాలుగు పోయినాయి.”

“నాకూ లెక్క తెలుసు మే.” ఆయన కంచంలోకే చూస్తున్నాడు. “ముప్పై తొమ్మిదేండ్లు సుత్తి మోసినాను. నా దగ్గర పని నేర్సుకున్న పిల్లోడు నాకే సార్ అయినాడు, వాని దగ్గర కాయితం ఉండాది కాబట్టి. వాని టిఫిను క్యారియరు గూడా నేనే కడిగినాను. నీకట్ల కాగూడదు.”

జాలి పడవలసింది. నాకు జాలి రాలేదు, తల తిరిగేంత కోపం వచ్చింది. ఆ బండి ఎక్కేది పసిపిల్లలని, వాళ్ళ మీద మరిగే నీళ్ళు పడితే ఆ కాయితం కప్పుతావా అని అరిచాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఇట్లా నోరు మూసుకునే నువ్వు ఖలాసీగా ఉండిపోయినావు అని కూడా అన్నాను. నాయన కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ నా వైపు చూసి, తిన్నాక కొట్లాడుకోవాల్సింది గదా అంది. తర్వాత పది రోజులు మేమిద్దరం ఒకే దారిన పోయి వస్తూ కూడా మాట్లాడుకోలేదు.

జూన్ రెండున పరీక్ష. బాయిలర్ నిండా నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, ఎక్కడా కారకుండా నిలిస్తే ప్రభుత్వ బాయిలర్ల ఇన్‌స్పెక్టరు సంతకం పెడతాడు. ఆయన పదింటికి వస్తాడని తెలిసి నేను ఆరింటికే వెళ్ళాను. నిచ్చెన వేసుకుని ఎడమ పైమూలన, చేతి డ్రిల్లుతో లప్పం తవ్వడం మొదలుపెట్టాను. మూడోది తవ్వుతుండగా ఇమ్మానుయేల్ వచ్చి కింద నిలబడ్డాడు.

“నా సర్టిఫికెట్ గూడా పోతాది గదక్కా,” అన్నాడు.

పోతుంది అన్నాను. వాళ్ళ నాన్న లేడు, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు. వాడు అరిస్తే అమర్‌నాథ్ పరుగెత్తుకొస్తాడు. వాడు అరవలేదు, నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. ఆ మూలన ఉన్న పన్నెండు బెజ్జాలూ తెరిచాను. కనిపించకుండా వాటి మీద పలచగా గ్రీజు పూశాను.

పదిన్నరకు పంపు కొట్టారు. మీటరు ముల్లు ఒక్కొక్క గీతే ఎక్కింది. ఇన్‌స్పెక్టరు అప్పటికే కలం తీసి మూత వెనక్కి తగిలించుకున్నాడు. ముల్లు ఆఖరి గీత దగ్గరికి వస్తుండగా ఆ మూలన గ్రీజు ఉబ్బి, పక్కపక్కన నాలుగు సన్నని నీటిధారలు రేకు మీంచి బయటికి చిమ్మాయి. నేను గెలిచాననుకున్నాను.

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు అడిగాడు. అమర్‌నాథ్ పేజీ తిప్పి చూపించాడు. స్టేలన్నీ కొట్టి చూశాను, అన్నీ బాగున్నాయి అని రాసి, కింద మా నాయన సంతకం ఉంది. ఆ గదిలోంచి వచ్చి కుండలో నీళ్ళు తాగిన రోజు తేదీ వేసి ఉంది. అప్పటిదాకా ఈ సంగతి నాకు తెలియదు. నేను అమర్‌నాథ్‌ను పట్టిస్తున్నాననుకుంటూ మా నాయనను పట్టించాను.

అమర్‌నాథ్ తడుముకోలేదు. పెద్దాయన సార్, వయసైపోయింది, చెవి సరిగ్గా వినపడదు, పాతవాడన్న గౌరవంతో మేమే ఆయన మాట నమ్మాం అన్నాడు. ఆ రోజు గురువుగారు అనలేదు. ఇన్‌స్పెక్టరు మా ఆరుగురి వైపూ, రేకు మీద పూడ్చిన మిగతా బెజ్జాల వైపూ చూశాడు. పొరపాటు వేరు, తెలిసి దాచడం వేరు అన్నాడు. తెలిసి దాచారని తేలితే పార్కుతో పాటు ఈ శిక్షణ కూడా రద్దు చేయమని రాయాల్సి వస్తుంది, ఎవరికీ సర్టిఫికెట్లు ఉండవన్నాడు. తర్వాత నాయనను అడిగాడు, నిజంగానే వినపడలేదా అని.

నాయన నన్ను చూడలేదు. ఇమ్మానుయేల్‌ను చూశాడు.

“అవును సార్. సరిగ్గా ఇనపడదు,” అన్నాడు.

అబద్ధం సార్ అన్నాను నేను. ఆయనకు బాగా వినపడుతుంది, ఈ నాలుగూ పోయాయని ఏప్రిల్‌లోనే చెప్పాడు, నాతో పాటు విన్నాడు అన్నాను. ఇన్‌స్పెక్టరు, చూద్దాం పదండి అని సుత్తి తీసుకుని నాయనను వెంటబెట్టుకుని బొగ్గు మండే పెట్టె లోపలికి దూరాడు. నేను బొగ్గు వేసే గవిని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నాను. లోపలి పక్కన చుక్క నీరు కూడా కనిపించదు, బయట ఏ వరసలో కారుతున్నాయో ఇన్‌స్పెక్టరు లెక్క పెట్టుకున్నాడు. నాయన కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి పెట్టాడు.

మొదటి దెబ్బ గంటలా మోగింది. “ఇరిగింది సార్,” అన్నాడు నాయన.

రెండోదీ మోగింది. అదీ విరిగిందన్నాడు. మూడోది చచ్చిన చప్పుడు, గవిని దగ్గర ఉన్న నాకే తెలిసిపోయింది. “బాగుండాది,” అన్నాడు. నాలుగోది అంతకంటే చచ్చింది. అది కూడా బాగుందన్నాడు. నాకు అక్కడే అర్థమైంది. ఆయన ప్రతి దెబ్బకూ ఆగి, తల కొంచెం వంచి, నాకు నేర్పినప్పటి కంటే జాగ్రత్తగా విని, అప్పుడు తిరగేసి చెబుతున్నాడు. మంచివి ఎనిమిదీ విరిగాయన్నాడు, విరిగినవి నాలుగూ బాగున్నాయన్నాడు. పన్నెండుకు పన్నెండూ తప్పు. పొరపాటున కూడా ఒక్కటి నిజం రాలేదు.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరు చేతులు కడుక్కుంటూ, పక్కన నేనూ నాయనా తప్ప ఎవరూ లేకుండా చూసి, మెల్లగా అన్నాడు.

“నిజంగా వినపడనివాడు గుడ్డిగా చెప్పినా నాలుగైదు సరిపోతాయి పెద్దాయనా. అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ వినపడాలి.”

నాయన ఆయన పెదవుల వైపు చూస్తూ, ఏమీ అర్థం కానట్టు నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు వెళ్ళి రిజిస్టరులో రాశాడు. బాయిలర్ పనికిరాదు, నాలుగు స్టేలూ మార్చాలి, బెజ్జాలన్నీ తెరవాలి, మళ్ళీ పరీక్ష చేయాలి. దాని కింద ఇంకో వాక్యం రాశాడు. స్టేలు చూసిన మనిషికి వినికిడి లోపం ఉన్నందున ఆయన చేత ఇకమీదట ఈ పని చేయించరాదు. కంపెనీ గురించి ఒక్క ముక్క లేదు. ఇన్‌స్పెక్టరు మీద నాకు కోపం వచ్చిందా, కృతజ్ఞత వచ్చిందా అంటే ఈరోజుకీ చెప్పలేను. ఆ ముక్క రాసి ఉంటే ఇమ్మానుయేల్ ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరుతూ ఉండేవాడు.

నాలుగు స్టేలూ మేమే మార్చాం. బెజ్జాలు తెరవడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఈసారి ఆరుగురం కూర్చున్నాం. నాయనను గేటులోకి రానివ్వలేదు. బోర్డు మీద ఆయన ఫొటో ఉన్నచోట ఐస్‌క్రీము తింటున్న పాప బొమ్మ వేశారు. జూలైలో పరీక్ష నెగ్గింది, ఇంజను కూత పెట్టింది, పెద్దవాళ్ళొచ్చి జెండా ఊపారు. అమర్‌నాథ్ నన్ను పక్కకు పిలిచి, జరిగింది మర్చిపోదాం, కొత్త బ్యాచికి సుత్తి పని నేర్పేవాళ్ళు కావాలి, ఏడాది నిండాక ఉద్యోగంలో చేరతావా అన్నాడు. నేర్పిన మనిషిని వెళ్ళగొట్టారు కదా సార్, మీరే నేర్పుకోండి అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు మాత్రం ఇప్పటికీ తృప్తిగా ఉంది.

ఏడాది నిండి సర్టిఫికెట్ తెచ్చుకున్న సాయంత్రం నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. చదివి వినిపించమన్నాడు. చదివాను. ఇంత కాలంలో ఇన్ని పనులు నేర్చుకున్నది, బాయిలర్ స్టేలను చప్పుడు బట్టి పరీక్షించుటలో ప్రథమ శ్రేణి, శిక్షకులు శ్రీ అమర్‌నాథ్. ఆ పేరు దగ్గర కోపంతో కావాలని గొంతు తగ్గించి, పెదాల మధ్యనే గొణిగినట్టు చదివాను, వినపడలేదు అంటాడేమోనని.

“పేరు ఎవురిదైతే ఏం మే,” అన్నాడు. “మొదటి శ్రేణి అన్న ముక్క ఇంకోసారి సదువు.”

చించేద్దామనుకున్నాను. ఏం పెట్టి కొన్నాడో తెలుసు కాబట్టి చించలేకపోయాను. ఆ ముక్క మళ్ళీ చదువుతుండగా, షెడ్డులో ఆయనతో పాటు పనిచేసిన గురప్ప మామ వీధిలో సైకిలు ఆపి, చెవిటివాళ్ళతో మాట్లాడేటప్పుడు పెట్టే అరుపు పెట్టాడు.

“శాంతయ్యా, పాపకు కాయితం వచ్చిందంట గదా.”

నాయన చెవి పక్కన అరచెయ్యి ఒగ్గి, ముందుకు వంగి, “ఆఁ?” అన్నాడు.